తీరిక

గ్రిమ్స్‌బీలో మా వీధికి పోస్టు పదకొండింటికి వచ్చేది.
పదిన్నరకే నా కడుపులో ఎవరో తలుపు కొట్టేవారు.

అన్నీ కిటికీ ఉన్న కవర్లు.
ఆ కిటికీలోంచి నా పేరు నన్నే చూసేది,
జైలు ములాఖాతులో చుట్టంలా.
విప్పేదాన్ని కాదు.
బియ్యం డబ్బా అడుగున తోసేదాన్ని.
నెలాఖరుకి బియ్యం తగ్గేకొద్దీ
అవి పైకి తేలేవి.

దొరబాబు దోసెల వ్యాను కొన్నప్పుడు మొదటి కార్డు.
ఇంజను పోయినప్పుడు రెండోది.
ఆ రెండిటి వడ్డీ కట్టడానికి మూడోది.
నాలుగోది నాది.
ఆకుపచ్చ కోటు. దాని అసలు ధర
ఆయనకి ఇప్పటికీ తెలియదు.

అప్పు చేసి పప్పుకూడు అంటారు గానీ
మేం తిన్న పప్పేదో నాకు గుర్తు లేదు.

చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
చలికి వేళ్లు తిమ్మిరెక్కితే హాయిగా ఉండేది,
అంతసేపూ ఫోను లాకర్లో ఉంటుంది కనుక.
ఒకరోజు టీ విరామంలో, నేను టీ కొనకపోవడం చూసి
ఆస్టా పక్కన కూర్చుంది. లిథువేనియా మనిషి.
"నాకూ ఉండేది," అంది మెల్లగా,
తీయించేసుకున్న గడ్డ గురించి చెప్పినట్టు.
గ్లవ్స్ పెట్టె అట్ట చించి
ఒక చిరునామా రాసిచ్చింది.

లైబ్రరీ మేడ మీద, గురువారాలు.
దొరబాబు లోపలికి రాలేదు.
బస్టాపులో కూర్చున్నాడు, మూడు బస్సులు వదిలేసి.

జీన్ అనే పెద్దావిడ
నా సంచీ బల్ల మీద బోర్లించి
వెన్న రాసుకునే చాకుతో
ఒక్కో కవరూ కోసింది. నూట పన్నెండు.
కోపం లేదు, జాలీ లేదు,
బియ్యంలో రాళ్లేరుతున్న మనిషి ముఖం.
ఒక కవర్లోంచి నిజంగానే నాలుగు గింజలు రాలాయి.
వాటిని సాసర్లోకి ఏరి, నా వైపు జరిపింది.

మొత్తం కూడింది.
ఇరవై మూడు వేల నాలుగొందల పది పౌండ్లు.

ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను.
లోతు తెలిసిన నీళ్లు
మునిగిపోయేంత లోతున్నా సరే,
తెలియని నీళ్లలా ఉండవు.

ఖర్చుల కాగితం నింపుతూ అడిగింది,
"పుట్టినరోజులకి ఎంత?"
"ఏమీ లేదు," అన్నాను.
ఆవిడ ఐదు అని రాసింది.
ఏడ్చింది అక్కడ. అంకె విన్నప్పుడు కాదు.

తర్వాత చెప్పుకోడానికి పెద్దగా లేదు.
ఆరేళ్లు.
వ్యాను ఐస్‌క్రీం అతనికి అమ్మేశాం.
ఎండాకాలం గంట వాయిస్తూ మా వీధిలోకే వచ్చేది,
దొరబాబు టీవీ సౌండు పెంచేవాడు.
కోటు ఆరేళ్లూ వేసుకున్నాను,
మోచేతుల దగ్గర రెండుసార్లు మాట్లు వేసి,
చివరి దారం దాకా వసూలు చేశాను.

ఆఖరి వాయిదా పదకొండు పౌండ్ల ముప్ఫై ఏడు పెన్నీలు.
మంగళవారం. బొటనవేలితో నొక్కాను.
వెళ్లిపోయింది.
ఫోను మామూలుగా చీకటి పడింది.

మనకి ఒకటే మాట.
దాహం తీరుతుంది, అలసట తీరుతుంది,
అప్పూ తీరుతుంది.
అన్నీ తీరాక వచ్చేదేమో
తీరిక అంటే.
దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
కాసేపు గుమ్మం మీద కూర్చున్నాను.
రేవు వైపు నుంచి చేపల వాసన వస్తోంది.

పోస్టుమాన్ ఒక పిజ్జా కాగితం ఇచ్చి వెళ్లాడు.
అటూ ఇటూ తిప్పి, పూర్తిగా చదివాను.

పదిన్నరకి ఇప్పటికీ కొడతారు, కడుపులో.
అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి
బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెడతాను.
అడుగు తగులుతుంది.
చల్లగా, రేకు.